తాగనప్పటి మనిషి

ఆమదాలవలస రైలు స్టేషన్ బయట, పాసింజరు దిగే జనం కోసం రాజాం బస్సు కాచుకుని ఉండేది. దాని డ్రైవరు జగన్నాధం. పంతొమ్మిదివందల అరవైలలో ఆ దారిన బస్సు డ్రైవరంటే చిన్న మనిషి కాదు. జగన్నాధం మరీను. ఇస్త్రీ నలగని ఖాకీ చొక్కా, మెడ చుట్టూ తెల్ల రుమాలు, వెనక్కి దువ్విన ఉంగరాల జుట్టు. నెత్తిన గంపతో గట్టు మీద పరిగెత్తుకొస్తున్న ముసలిదాన్ని చూసి బస్సు ఆపే డ్రైవరు ఆ దారిలో అతనొక్కడే. నెలలు నిండిన ఆడమనిషి ఎక్కితే గోతులన్నీ తప్పించి, నిండు నూనెగిన్నె మోస్తున్నట్టు తోలేవాడు. దిగేటప్పుడు, "మగపిల్లడు పుడితే నా పేరెట్టాల మరి" అని నవ్వించేవాడు. ఇంజను పక్క సీటు కోసం పెద్దమనుషులు కూడా పోటీ పడేవారు.

అతని భార్య తాయారు. ఆవిడ గురించి ఆ వీధిలో ఎవరినడిగినా, "అదృష్టవంతురాలు, కాకపోతే కాస్త మతిమరుపు మనిషి" అని చెప్పేవారు.

ఆ మతిమరుపు మాట ఎక్కడ పుట్టిందో తాయారుకి చాలాకాలం తెలియలేదు. పొందూరులో పుట్టింట ఉన్నప్పుడు ఏ మడిలో ఏ విత్తనం చల్లారో, గాదెలో చోళ్లు ఎంతవరకు ఉన్నాయో తండ్రి కూర్మయ్య ఆ పిల్లనే అడిగేవాడు. తల్లి చిన్నప్పుడే పోయింది. చెల్లెలు దానమ్మని చంకనేసుకుని పెంచింది తాయారే. సంతకి వెళ్లి వస్తూ ఒకనాడు ఆ బస్సెక్కింది. జగన్నాధం అద్దంలోంచి చూశాడు. నెల తిరక్కుండా సంబంధం కలుపుకోవడానికి తల్లి జగ్గమ్మని వెంటబెట్టుకుని ఇంటికే వచ్చాడు. "మీ పిల్లని పువ్వుల్లో పెట్టి సూసుకుంటాను మావా" అన్నాడు. కూర్మయ్య పొంగిపోయాడు.

పువ్వుల మాట నిజమే. పెళ్లయిన కొత్తలో ఒక సాయంత్రం బస్సు నిండా జనం ఉండగా ఇంటి ముందు ఆపి, దిగి వచ్చి, గుమ్మంలో నిలబడ్డ తాయారు జడలో మల్లెదండ తురిమాడు. బస్సులో కుర్రకారు ఈలలు వేశారు. ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. తాయారు సిగ్గుతో తలవంచుకుని లోపలికి పారిపోయింది. ఆఖరి ట్రిప్పు వేసి ఇంటికి వచ్చిన జగన్నాధం మొహంలో ఆ నవ్వు లేదు.

"అందరి ముందూ మొహం అలగెట్టావేటి?"

"సిగ్గేసింది బావా."

"సిగ్గు కాదు. నన్ను సులకన సేద్దామని. అంతమంది సూస్తంటే ఒక్క నవ్వు నవ్వడానికి నీకు బరువొచ్చినాదా?"

వారం పాటు మాట్లాడలేదు. అన్నం పెడితే తినేవాడు, కంచం ముందుకు తోసేవాడు, అంతే. చివరికి తాయారు కాళ్లు పట్టుకుంటే కరిగాడు. ఆ తరువాత బస్సు హారన్ వినబడితే చాలు, చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి వచ్చి పళ్లన్నీ కనబడేలా నవ్వడం నేర్చుకుంది.

తాగుడు ఆ మరుసటేడు మొదలైంది. అప్పటికి మద్యనిషేధం ఉంది కానీ, నాగావళి అవతల తాటితోపుల్లో సారా కాచేవాళ్లకి లోటు లేదు. పూటుగా తాగి వచ్చేవాడు. కంచం విసిరేసేవాడు. నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. తెల్లారగానే కాళ్ల దగ్గర కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చేవాడు. ఆ ఏడుపు చూసిన ఇరుగుపొరుగు, "పాపం, బంగారంలాంటి మనిషి. తాగుడే పాడుసేస్తన్నాది. తాగనప్పుడు దేవుడు గదమ్మా" అనేవారు.

తాయారు ఆ మాట పట్టుకుని వేలాడింది. భర్త లోపల ఇద్దరు మనుషులున్నారని అనుకుంది. తాగినవాడు ఒకడు, తాగనివాడు ఒకడు. తాగనివాడు తనని పువ్వుల్లో పెట్టి చూసుకుంటానన్నవాడు. తాగినవాడు మధ్యలో వచ్చి చేరిన దయ్యం. ఆ దయ్యం వదిలిపోతే తన మనిషి తనకి దక్కుతాడు. అందుకోసం ఎన్ని మొక్కులు మొక్కిందో, ఎన్ని సోమవారాలు ఉపవాసాలున్నదో ఆమెకే తెలియాలి.

కానీ ఆ లెక్కలో ఇమడని సంగతులు కొన్ని ఉండేవి. ఒక ఆదివారం, పొద్దు బాగా ఎక్కాక, బస్సు యజమాని గణపతిరావు భార్యాబిడ్డలతో గుమ్మంలోకి వచ్చాడు, భోజనానికి. పొయ్యి మీద గంజి తప్ప ఇంకేమీ లేదు. జగన్నాధం చల్లగా నవ్వాడు.

"నాలుగు రోజుల ముందే సెప్పేను బాబూ. మా ఆవిడకి బుర్రలో నిలవదు. మీరేటీ అనుకోకండి" అని, నడుముకి తువ్వాలు బిగించి తనే వంటింట్లోకి వెళ్లి పొయ్యి రాజేశాడు. వంకాయలు తరిగాడు, పచ్చిపులుసు పిసికాడు. గణపతిరావు భార్య ముక్కు మీద వేలేసుకుంది. "ఇలాంటి మొగుడు ఏ జన్మలో చేసుకున్న పుణ్యమో" అంది తాయారుతో, తాయారుని చూడకుండానే. ఆ రోజు జగన్నాధం ఒక్క చుక్క ముట్టలేదు. అయినా తాయారు, రాత్రి తాగినది ఇంకా దిగలేదేమోలే అని సర్దుకుంది. నిజంగానే చెప్పాడేమో, తనే విననట్టుందని కూడా అనుకుంది.

కూతురు పద్మకుమారి పుట్టిన మూడేళ్లకి మరో కాన్పు వచ్చింది. నెలలు నిండకముందే నొప్పులొచ్చి మగపిల్లాడు చనిపోయి పుట్టాడు. తాయారు లోపలి గదిలో చాప మీద పడి ఉంది. వీధిలోంచి జగన్నాధం ఏడుపు వినబడుతోంది. పరామర్శకి వచ్చిన ఆడవాళ్ల అలికిడి, గాజుల చప్పుడు తెలుస్తోంది. ఎవరో ఒకరు లోపలికి వస్తారని తాయారు తలుపు వైపు చూస్తూ పడుకుంది. ఎవరూ రాలేదు. అందరూ అరుగు దగ్గరే ఆగిపోయారు.

"బరువులెత్తకే అని సిలక్కి సెప్పినట్టు సెప్పేను పిన్నీ. ఇనలేదు. నా కొడుకుని సంపుకున్నాది" అంటున్నాడు జగన్నాధం. ఎవరో మజ్జిగ తెచ్చి అతని చేత తాగిస్తున్నారు.

ముందు రోజు, నిల్వనీళ్లు వాసన వస్తున్నాయని, స్నానానికి కొత్తనీళ్లు తోడమన్నది అతనే. తాయారుకి అది బాగా గుర్తుంది. గుర్తున్నా, ఆ చాప మీద పడుకుని, "నేనే వద్దనలేదు కదా, నా తప్పే" అనుకుంది. ఆ దుఃఖంలో జగన్నాధం తాగుడు రెండింతలైంది. అది కూడా ఆమె ఖాతాలోనే పడింది.

అరవై ఏడు వానాకాలంలో అతని కళ్లు పచ్చబడ్డాయి. పొట్ట ఉబ్బింది. శ్రీకాకుళంలో డాక్టరు, ఇక సారా ముట్టుకుంటే మనిషి దక్కడని కచ్చితంగా చెప్పేశాడు. జగన్నాధానికి చావంటే భయం. మానేశాడు. తాయారు పథ్యం వండి పెట్టింది, రాత్రింబవళ్లు కాచుకుంది. మనిషి కోలుకున్నాడు. ఆమె గుండెల మీంచి బండ దిగినట్టయింది. దయ్యం వదిలిపోయింది. ఇక మిగిలింది తన మనిషే.

డ్యూటీలో మళ్లీ చేరిన రోజున స్టేషన్ దగ్గర గణపతిరావు దండ వేయించాడు. పటిక బెల్లం పంచారు. తాయారుని కూడా పిలిపించి ముందు నిలబెట్టారు. జగన్నాధం చేతులు జోడించి మాట్లాడాడు.

"ఇంట్లో శాంతి నేక తాగేను బాబూ. మగోడు ఇంటికొస్తే ఒక మంచి మాట కావాల గదా. అయినా పోనీండి. నేను తాగుడూ మానేసేను, ఈమెనీ సమించేసేను."

అందరూ చప్పట్లు కొట్టారు. తాయారు కూడా అలవాటు కొద్దీ నవ్వింది.

అప్పటినుంచి ఆమె ఎదురుచూసింది. ఇవాళ కాకపోతే రేపు, ఆ పువ్వుల మనిషి వస్తాడని. నెలలు గడిచాయి. జగన్నాధం టీ తప్ప ఏమీ తాగడం లేదు. కళ్లు తేటగా, చేతులు వణకకుండా ఉన్నాయి. సాయంత్రం ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుని, కుర్చీ వేసుకుని కూర్చుని అడిగేవాడు.

"కుళాయికాడ ఎవరితో మాటాడేవు?"

"ఎవరితోనూ లేదు."

"నవ్వేవంట."

"ఎవరన్నారు బావా?"

"నేను అడిగినదానికి సెప్పు. ఏటి సెప్పుకుని నవ్వేవు? నా గురించేనా?"

గొంతు పెంచేవాడు కాదు. అదే ప్రశ్న అటు తిప్పీ ఇటు తిప్పీ అడిగేవాడు. తాగి తిట్టిన రోజుల్లో ఆ తిట్లకి ఒక చివర ఉండేది. ఏదో ఒక వేళకి ఒళ్లు తెలియక పడిపోయేవాడు. ఇప్పుడు దానికి చివర లేదు. ఆమె దేనికో తెలియకుండానే తప్పయిపోయిందని ఒప్పుకునేదాకా నడిచేది. ఒప్పుకున్నాక, "మరి ముందే సెప్తే ఇంత గోల ఉండదు గదా" అని ప్రశాంతంగా అన్నం తినేవాడు.

ఒకరోజు కట్టెలు తెచ్చుకుంటూ, ఈయన మళ్లీ తాగితే బాగుండును అన్న ఆలోచన మనసులోకి వచ్చింది. వచ్చిందని తెలిసి తాయారు బెదిరిపోయింది. కట్టెల మోపు దించి దారి పక్కన కూర్చుండిపోయింది. ఏ ఇల్లాలికైనా రావలసిన ఆలోచనా ఇది? నిజంగానే నాకు మతి చలించిందా?

ఆ మరుసటి మాఘంలో, నూర్పులు అయిపోయిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం జగన్నాధం బస్సు ఇంటి ముందు ఆపి లోపలికి వచ్చాడు.

"మీ అయ్య పోయేడు. బయల్దేరు."

తాయారుకి ఆ మాట ఎక్కడం లేదు. "అయ్యకేటైనాది? నిన్నటిదాకా బాగానే..."

"బయల్దేరమన్నాను గదా. బస్సు నిండా జనం ఉన్నారు."

పొందూరులో పాడె మోసింది జగన్నాధమే. కట్టె ముట్టించే వేళకి కుప్పకూలి ఏడ్చింది కూడా అతనే. చూసినవాళ్లు, కొడుకైనా ఇంత చెయ్యడన్నారు. దానమ్మ మాత్రం అక్క మొహం చూడలేదు. చిన్నదినం నాడు పెరట్లో గిన్నెలు తోముతూ, తాయారు పక్కకి వచ్చి కూర్చుంటే లేచి వెళ్లబోయింది. తాయారు చెయ్యి పట్టుకుంది.

"నామీద కోపమేటే దానీ?"

"ఇప్పుడొచ్చి ఏడిస్తే ఏటి లాభం అప్పా? పదిరోజులు మంచాన ఉన్నాడు అయ్య. సెయ్యీ కాలూ పడిపోయినాయి. మాట పడిపోయినాది. కళ్లు మటుకు గుమ్మం మీదే. రోజూ బస్సుకాడికొచ్చి బావకి సెప్పేను, అప్పని పంపించు బావా అని. రైలెక్కినా వచ్చేస్తావు గదా! రానన్నావంట."

"నేనా?"

"ముసలోడు పోయేక అప్పుడు సూద్దాం అన్నావంట. బావ సెప్పలేక సెప్పేడు. బస్సు ఆపి లోపలికొచ్చీవోడు, అయ్య నోట్లో కొబ్బరినీళ్లు పోసీవోడు. 'మావా, అది రానంతన్నాది, నేనేటి సెయ్యను' అని కళ్లు తుడుసుకునీవోడు. అయ్య అది ఇనుకుంటానే పోయేడు."

తాయారు పెరటి గోడ పట్టుకుని లేచి, వీధి అరుగు మీదకి వచ్చింది. జగన్నాధం నలుగురి మధ్య కూర్చుని ఉన్నాడు. ఒళ్లో పద్మ ఉంది. దానమ్మ మొగుడు సూరయ్య అతనికి చుట్ట అందిస్తున్నాడు.

"అయ్యకి బాగులేదని నాకెందుకు సెప్పలేదు?" అంది తాయారు.

జగన్నాధానికి కోపం రాలేదు. జాలిగా చూశాడు.

"రోజూ సెప్పేను తాయారూ. నువ్వు వింటానే ఉన్నావు. ఊఁ అన్నావు గూడాను." దానమ్మ వెనకే వచ్చి నిలబడిందని చూసి, "మీ అప్పని ఏటీ అనకు దానమ్మా. దుఃఖంలో ఉన్నాది. ఆ బుర్రలో ఏదీ నిలవదు, నేను అలవాటుపడ్డాను" అన్నాడు. తరువాత కూతురి గెడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకున్నాడు. "పద్మా, నేను అమ్మకి సెప్పలేదా?"

ఆరేళ్ల పిల్ల నాన్న కళ్లలోకి చూసింది. అక్కడ ఏం కనబడిందో, "సెప్పేవు నాన్నా" అంది.

ఒక్క క్షణం, కనురెప్ప పాటు, తాయారు నమ్మింది. చెప్పాడేమో. నేనే మరిచిపోయానేమో. కన్నతండ్రి చావుబతుకుల్లో ఉన్నాడన్న మాట విని, ఊఁ అని, మరిచిపోయి అన్నం తిని పడుకున్నానేమో. ఆ క్షణం గడిచాక నేలమీద గుర్తులు వెతుక్కునేదానిలా వెనక్కి తడుముకుంది. ఆ పది రోజులూ ప్రతి సాయంత్రం అతను ఇంటికి వచ్చాడు, కాళ్లు కడుక్కున్నాడు, తిన్నాడు. ఒకనాడు కూరలో ఉప్పు చాల్లేదన్నాడు. ఇంకోనాడు పాట కూడా పాడాడు. ఇటు తన చేతి అన్నం తిని, అటు తన తండ్రికి కొబ్బరినీళ్లు పోశాడు.

దగ్గరగా వెళ్లి అతని మొహంలోకి చూసింది. సారా వాసన లేదు. కళ్లు కడిగిన అద్దాల్లా ఉన్నాయి. ఇద్దరు మనుషుల్లేరు. ఎప్పుడూ లేరు. ఉన్నది ఒక్కడే. తాగుడు వాడి మీద కప్పుకున్న దుప్పటి. ఆ దుప్పటి తీసేస్తే కింద తను ఎదురుచూసిన మనిషి లేడు.

ఆమదాలవలస తిరిగి వచ్చిన కొన్నాళ్లకి, అత్తగారు బియ్యం చెరుగుతూ ఉంటే తాయారు అడిగింది. "అత్తా, తాగుడు రాకముందు, సిన్నప్పుడు, మీవోడు ఎలగుండీవోడు?"

జగ్గమ్మ మొహం విచ్చుకుంది. "ఒలమ్మ, వాడి తెలివి నీకేటి తెలుసు! ఒకసారేటైనాదంటే, ఆవుదూడ పలుపు ఇప్పేసేడు. అది పోయి నూతిలో పడిపోయినాది. వాళ్లయ్య కర్రట్టుకొచ్చేడు. సెల్లి ఇప్పినాదని సెప్పేసేడు. అది నాను కాదు నాను కాదంటన్నా ఒళ్లు సిట్లగొట్టేసేడు. అప్పుడు మావోడు అడ్డం పడి, దానికన్నా ఎక్కువ ఏడిసేసేడు, కొట్టకయ్యా సెల్లిని కొట్టకయ్యా అని. ఊరంతా, అన్నంటే వీడు అన్నారు." నవ్వుతూ చేట కుదిపింది. "ఎంత తెలివో సూడు. ఎనిమిదేళ్లు గూడా నేవు."

తాయారు నవ్వలేదు. చెరిగిన బియ్యం ఎత్తి కుండలో పోసింది.

మరునాడు పొద్దున్న, రాజాం బస్సు కదిలిన హారన్ విన్నాక, పద్మ చెయ్యి పట్టుకుని స్టేషన్‌కి నడిచి, పాసింజరెక్కి పొందూరు వెళ్లిపోయింది.

సూరయ్య చెడ్డవాడు కాడు, కానీ ఇబ్బందిపడ్డాడు. "కొట్టేడా?" అని అడిగాడు. లేదంది. "మళ్లీ తాగుతన్నాడా?" లేదు. "ఇంకో ఆడమనిషి?" లేదు. "మరేటి వదినా?" తాయారు నోరు తెరిచింది. నవ్వలేదని వారం మాట్లాడలేదంటే, వంట సంగతి చెప్పలేదంటే, విన్నవాళ్లకి అదొక కష్టమా? విడివిడిగా చూస్తే ఒక్కటీ పంచాయితీకి ఆనదు. దానికి పేరు లేదు. పేరు లేని రోగంతో డాక్టరు దగ్గరికి వెళ్లినదానిలా మాటలు వెతుక్కుని, చివరికి ఊరుకుంది.

నాలుగో రోజున బస్సు సూరయ్య ఇంటి ముందే ఆగింది. జగన్నాధం దిగాడు. నిండు బస్సు కిటికీల్లోంచి తొంగిచూస్తోంది. అతను చేతులు జోడించాడు. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

"నా తప్పేటో సెప్పు తాయారూ. తాగుడు మానెయ్యమన్నావు, మానేసేను. ఇంకేటి సెయ్యమంతావు? ఈ జనం ముందు సెప్పు, సేస్తాను."

బస్సులో ఒకావిడ కళ్లొత్తుకుంది. "రాతిగుండెమ్మా నీది" అంది ఇంకొకావిడ.

"అంత మనిషి దిగొచ్చి అడుగుతంటే..." అని సూరయ్య నీళ్లు నమిలాడు.

"నేను రాను" అంది తాయారు.

జగన్నాధం మోకాళ్ల మీద కూర్చుని చేతులు చాచాడు. "నువ్వైనా వస్తావా తల్లీ?" పద్మ తల్లి చేతిలోంచి చెయ్యి లాక్కుని పరిగెత్తింది. అతను ఎత్తుకుని ఇంజను పక్క సీటులో కూర్చోబెట్టాడు. బస్సు కదిలింది. "పద్మా!" అని తాయారు వెనకాలే పరిగెత్తింది. పాదాలు కంకర మీద చీరుకుపోయాయి. అద్దంలో ఆమె కనబడుతూనే ఉండాలి. గంప నెత్తిన పెట్టుకున్న ప్రతి ముసలిదాని కోసమూ ఆగే ఆ బస్సు ఆగలేదు.

ఆ తరువాత అతను మళ్లీ తాగడం మొదలుపెట్టాడు. పెళ్లాం ఒగ్గేసినాదన్న దుఃఖంతో తాగుతున్నాడని ఆ దారిలోని ఊళ్లన్నీ చెప్పుకున్నాయి. పొందూరులో నీళ్లకి వెళితే ఆడవాళ్లు బిందెలు పక్కకి జరుపుకునేవారు. కూతురిని చూడాలని తాయారు రెండు మూడుసార్లు రైలెక్కి వెళ్లింది. మొదటిసారి జగ్గమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడింది. ఆఖరుసారి పద్మే తలుపు సందులోంచి మాట్లాడింది.

"నువ్వు పిచ్చిదానివంట. నీ దగ్గరికి రావద్దన్నాడు నాన్న. తమ్ముణ్ని గూడా నువ్వే సంపేసేవంట."

తాయారు ఆ పూట ఎలా తిరిగి వచ్చిందో ఆమెకే తెలియదు. పొందూరులో పొలానికి పోయే దారిలో ఉన్న నేలబావి గట్టు మీద కూర్చుని లోపలికి చూస్తూ ఉండిపోయింది. ఎండ వీపు మీంచి జారిపోయింది. దానమ్మ వెతుక్కుంటూ వచ్చి, ఏమీ అడగకుండా పక్కనే కూర్చుని అక్క కొంగు తన నడుముకి చుట్టుకుంది.

"అప్పా, నా సిన్నప్పుడు నాకు అమ్మవారు పోసినప్పుడు, ఏ రోజు ఎన్ని పొక్కులు మాడినాయో అయ్యకి నువ్వే సెప్పీదానివంట. నువ్వు మర్సిపోయే మనిషివి కాదు. అయ్య ఇషయం నీకు బావ సెప్పలేదు. నాకు తెలిసినాది. నాకు తెలిసినాదప్పా."

తాయారు అప్పుడు ఏడ్చింది. తండ్రి పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. లోకంలో ఒక్కరు నమ్మారు. ఒక్కరే. అదేమీ పిల్లని తెచ్చిపెట్టలేదు, నీళ్లరేవులో ఎవరి నోరూ మూయించలేదు. బావి గట్టు మీంచి లేచి ఇంటికి నడవడానికి మాత్రం సరిపోయింది.

పొందూరులో ఆడవాళ్లకి ఉన్న పని ఒకటుంది. తాయారు పక్కింటామె దగ్గర రాట్నం నేర్చుకుని, సన్న నూలు వడికి తిండి సంపాదించుకుంది. అలా రెండేళ్లు పోయాయి. ప్రభుత్వం నిషేధం ఎత్తేసింది, సారా కొట్లు బాహాటంగా తెరుచుకున్నాయి. ఒకనాడు పట్టపగలు జగన్నాధం బస్సుని దారి పక్క గెడ్డ వాగులోకి దింపేశాడు. ఎవరి ప్రాణాలూ పోలేదు గానీ ఇద్దరి కాళ్లు విరిగాయి. గణపతిరావు కొలువులోంచి తీసేశాడు. తప్పు బ్రేకులదన్నాడు జగన్నాధం, తరువాత తన మనసు పాడుచేసిన పెళ్లాందన్నాడు. నౌపడ వైపు ఉప్పు లారీ తోలడానికి వెళ్లాడు. అక్కడ ఒకామె ఇతని కన్నీళ్లు చూసి కరిగిందని, ఇద్దరూ కాపురం పెట్టారని కబురు తెలిసింది. ఆ ఇంట్లో పద్మకి చోటు లేకపోయింది, జగ్గమ్మ కూడా ఉంచుకోలేనంది.

ఒక ఉదయం, ఎవరో కొత్త డ్రైవరు తోలుతున్న రాజాం బస్సులోంచి పద్మ దిగింది. చేతిలో గుడ్డల మూట. తొమ్మిదో ఏడు నడుస్తున్న పిల్ల, మోచేతులు కర్రల్లా ఉన్నాయి. తాయారు దగ్గరికి తీసుకోబోతే బిగుసుకుపోయింది.

"నీ వల్లే నాన్న తాగేడు" అంది, పాఠం ఒప్పజెప్పినట్టు.

తాయారు వాదించలేదు. "ఆకలేస్తన్నాదా?" అని అడిగింది.

పిల్ల ఇంట్లో పిల్లిలా తిరిగేది. పిలిస్తే ఉలిక్కిపడేది. గోడవైపు తిరిగి పడుకునేది. ఒకరోజు తాయారు గింజలతో ఉన్న పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, ఆ దవడని చాప మీద పెట్టి నీళ్లు తాగడానికి లేచింది. సన్నటి పళ్లున్న ఆ ఎముక లేకపోతే ఇక్కడ దూది శుభ్రపడదు. అది దొరకడమూ కష్టమే. తిరిగి వచ్చేసరికి అది రెండు ముక్కలై ఉంది. పక్కన పద్మ నిలబడి ఉంది. అరికాలు గీసుకుని నెత్తురొస్తోంది.

"నేను కాదు" అంది పిల్ల. పెదవులు తెల్లబడ్డాయి. "నేను కాదు. నువ్వే తొక్కేవు. నువ్వు మర్సిపోయేవు."

ఆ గొంతులో ఎవరి గొంతు ఉందో తాయారుకి తెలుసు. వంగి పిల్ల పాదం ఎత్తి చూసి, పసుపు అద్ది, పాత గుడ్డతో కట్టు కట్టింది. ఎముక ముక్కలు ఏరి పక్కన పెట్టింది. పక్కింటికి వెళ్లి ఇంకో దవడ ఎరువు తెచ్చుకుని పనిలో కూర్చుంది.

పద్మ ఆ రోజంతా తల్లినే కనిపెట్టుకుని ఉంది. తాయారు పొయ్యి దగ్గరికి వెళితే గుమ్మం దాకా వచ్చేది. నూతి దగ్గరికి వెళితే గోడ చాటున నిలబడేది. పొద్దు వాలాక కంచాల్లో అన్నం పెడుతుంటే ఇక ఉండబట్టలేక అడిగింది.

"ఎప్పుడు తిడతావు?"

"ఎందుకు తిట్టడం?"

"ఎముక ఇరిగిపోయినాది గదా."

"ఇరిగితే ఇరిగినాది. కాలు నొప్పి తగ్గినాదా?"

పద్మ నమ్మలేదు. కంచం తీసుకుని, తలుపు వారన, తల్లికి అందనంత దూరంలో చతికిలబడి, ఆమె చేతుల వంకే చూస్తూ తినడం మొదలుపెట్టింది. తాయారు తన కంచం అక్కడే పెట్టుకుని కూర్చుంది, దగ్గరికి జరగలేదు. పిల్ల కంచంలో అన్నం అయిపోవచ్చాక, ఇంకాస్త కావాలా అని అడిగింది.